జబ్బుపడ్డ పిల్లలకు అయిదు రోజుల సెలవు ఇప్పించండి

విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల్లోని పరిశ్రమల సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) విభాగాల అధికారులకు,

నమస్కారం.

నేను పిల్లల వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీలో కొందరు నాకు ముఖపరిచయమే. బాలల దినోత్సవానికో, కంపెనీ వార్షికోత్సవానికో మీరు పళ్లూ బొమ్మలూ పట్టుకుని వచ్చినప్పుడు సెలైన్ స్టాండ్లు పక్కకు జరిపి మీకు దారి ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. మీరు ఇచ్చిన ఇన్‌ఫ్యూజన్ పంపులు, వీల్‌చైర్లు ఎంత అక్కరకొచ్చాయో వాటిని రోజూ వాడినదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆ చనువుతోనే ఇంకొకటి అడుగుతున్నాను.

బ్లడ్ క్యాన్సర్, తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు. వీటితో ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగే పిల్లలు ఉత్తరాంధ్రలో ఊరూరా ఉన్నారు. వాళ్లకోసం విశాఖ దగ్గర ఏటా ఉచితంగా ఆటల శిబిరం నడపండి. అయిదు పగళ్లు, నాలుగు రాత్రులు. డాక్టర్లు, నర్సులు అక్కడే ఉండాలి. తల్లిదండ్రుల చేతి నుంచి బస్సు చార్జీ కూడా పడకూడదు. శిబిరంలో పిల్లలు పిల్లల్లాగే ఉండాలి, పేషెంట్లలా కాదు. నా కోరిక ఇంతే. మిగతా ఉత్తరమంతా ఇది ఎందుకు కావాలో, ఎలా చేయొచ్చో చెప్పడానికే.

ఆసుపత్రిలో పగటిపూట మందులెక్కించే డే కేర్ గదిలో ఒక గంట కూర్చుంటే ఈ పిల్లల సంగతి అర్థమవుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్ల చెయ్యి చాపి, "పసుపుది పెట్టండి సిస్టర్, నీలంది వద్దు" అంటుంది. పసుపు రంగు కాన్యులా (మందెక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) అంటే ఇరవై నాలుగో నంబరు, సన్నది. నీలం ఇరవై రెండు, కాస్త లావు. పలక మీద రంగుల పేర్లు నేర్చుకునే వయసులో ఆ పిల్ల రంగుల్ని సూదుల్నిబట్టి నేర్చుకుంది. ఏ చేతిలో నరం దొరుకుతుందో, ఏది గట్టిపడిపోయిందో కొత్తగా వచ్చిన ట్రైనీ నర్సుకు తనే చూపిస్తుంది. ఎర్రమందు అని మేం పిలిచే కీమో మందు ఎక్కితే మూత్రం ఎర్రగా వస్తుందని, భయపడక్కర్లేదని పక్క మంచం పిల్లాడికి ధైర్యం చెబుతుంది. పెద్దవాళ్లం చూసి, "ఎంత తెలివైందో" అని మెచ్చుకుంటాం. ఆ తెలివి ఆ వయసు పిల్లకు అవసరం రాకుండా ఉంటే బాగుండేది.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్‌కు వైద్యం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలలు కీమో, వెన్నులో సూదులు, జ్వరం వస్తే అడ్మిషన్. ఆ తర్వాత రోజూ మాత్రలు, వారం వారం మాత్రలు, రక్తకణాల కౌంట్లు చూపించుకోవడాలు. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో మొహం ఉబ్బిపోతుంది, అర్ధరాత్రి లేచి అన్నం పెట్టమని ఏడుస్తారు. కిడ్నీ జబ్బు పిల్లలదీ అదే పరిస్థితి. మొహం గుండ్రమై బడికి వెళ్తే తోటిపిల్లలు పేర్లు పెడతారు. జుట్టు ఊడితే టోపీ లాగేస్తారు. అక్కడితో బడి మానేస్తారు. తలసీమియా పిల్లలకైతే ఈ వైద్యానికి ముగింపు తేదీ ఉండదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి, ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకుపోయే ఇనుమును దించడానికి రోజూ మందు వేసుకోవాలి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే సికిల్ సెల్ పిల్లలకు నొప్పి ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. చలిగాలి తగిలినా, నీళ్లు తక్కువ తాగినా, ఎక్కువ అలిసినా చాలు, ఎముకల్లో ఎవరో నొక్కి పిండుతున్నట్టు మెలికలు తిరుగుతారు.

హీమోఫీలియా పిల్లాడి తల్లి ఒకామె, శ్రీకాకుళం వైపు మనిషి, నాతో అంది: "పరిగెట్టకు, గెంతకు, సెట్టెక్కకు... పొద్దుగూకులూ ఇయ్యే మాటలు సిస్టరమ్మా. ఆడికి నా గొంతు ఇంటే కోపమొచ్చీస్తంది." ఆ తల్లి తప్పేమీ లేదు. మోకాలికి చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం కారి కీలు వాచిపోయే బిడ్డను ఆమె ఇంకెలా కాపాడుకుంటుంది? కానీ ఆ పిల్లాడికి రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి, చూసే మనిషిని పక్కన పెట్టి, నీళ్లలో ఈదమంటే హాయిగా ఈదుతాడు. నిజానికి హీమోఫీలియా పిల్లలకు డాక్టర్లు చెప్పే మంచి వ్యాయామాల్లో ఈత ఒకటి. కావలసిందల్లా అన్నీ తెలిసిన నలుగురు చుట్టూ ఉండటం. శిబిరం చేసేది ఆ పనే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1988లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో తీవ్రమైన జబ్బులున్న పిల్లలకోసం హోల్ ఇన్ ద వాల్ గ్యాంగ్ క్యాంప్ మొదలుపెట్టాడు. చెరువు, చెక్క ఇళ్లు, గుర్రాలు, చెట్టు మీద గుడిసె. పిల్లల దగ్గర రూపాయి తీసుకోరు. అది చూసి ఐర్లాండ్‌లో 1994లో ఒక పాత కోటలో బారెట్స్‌టౌన్ అనే శిబిరం వచ్చింది. హంగరీలో, ఇటలీలో, ఇంకా ఎన్నో దేశాల్లో అలాంటివి వెలిశాయి. ఇప్పుడవన్నీ సీరియస్‌ఫన్ అనే ఒకే సంస్థ గొడుగు కింద ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, అక్కడ వైద్యం పూర్తిస్థాయిలో ఉంటుంది గానీ పిల్లల కళ్లెదుట ఉండదు. తెల్లకోట్లు, స్టీలు ట్రేలు కనిపించవు. రెండు, ఏ ఆటలో ఎంతవరకు వెళ్లాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. గోడ ఎక్కే ఆటలో రెండు మెట్లెక్కి చాలన్నా చప్పట్లే, పైదాకా ఎక్కినా చప్పట్లే. సూది వద్దని చెప్పే హక్కు లేని పిల్లలకు 'వద్దు' అనే మాట చెల్లుబాటయ్యే చోటు ఒకటుంటే ఎంత ఊరటో ఆలోచించండి.

మన దగ్గర కోట అక్కర్లేదు, గుర్రాలు అక్కర్లేదు. ఉన్న విడిదినే అయిదు రోజులు తీసుకుంటే చాలు. అయితే ఎక్కడ, ఎప్పుడు అన్నవి మాత్రం వైద్యాన్ని చూసి నిర్ణయించాలి. దీని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఎవరైనా మంచి మనసుతో తొందరపడి చేస్తే తేడా వచ్చేది ఇక్కడే.

అందరికీ మొదట గుర్తొచ్చేది అరకు. చలికాలం అరకు అందం నాకూ ఇష్టమే. కానీ సికిల్ సెల్ పిల్లలకు ఆ చలి పడదు. పైగా ఘాట్ రోడ్డులో పెద్దాసుపత్రికి రావాలంటే గంటలు పడుతుంది. కౌంట్లు తగ్గిన పిల్లాడికి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ నరంలో పడాలి. కాబట్టి శిబిరం ఎక్కడ పెట్టినా పెద్దాసుపత్రికి గంట లోపు దూరంలో ఉండాలి. రుషికొండ, భీమిలి మధ్య బీచ్ రోడ్డు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఇటు హనుమంతవాక దగ్గర విమ్స్, ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు ఉన్నాయి. నగరంలోకి వస్తే 1923లో పుట్టిన మన పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది. క్యాన్సర్ పిల్లల్ని చూసే డాక్టర్లు అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రిలో ఉన్నారు. అది నగరానికి అటు చివర, నిజమే, కానీ పిల్లల ఫైళ్లు, సలహా ఫోనులో అందితే చాలు, మొదటి వైద్యం దగ్గరలోనే జరిగిపోతుంది.

కాలం సంగతి. వేసవి సెలవులు కదా అని మే నెలలో పెట్టొద్దు. మన ఉక్కపోతకు మామూలు పిల్లలే సొమ్మసిల్లుతారు, సికిల్ సెల్ పిల్లలకైతే ఒంట్లో నీరు తగ్గడమే పెద్ద ముప్పు. దసరా సెలవులూ నమ్మదగ్గవి కావు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను ఎప్పుడొస్తుందో తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా ఊడ్చేసిందో విశాఖవాళ్లకు నేను చెప్పాలా? సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోతారు. ఇవన్నీ తీసేస్తే సంక్రాంతి వెళ్లిన తర్వాత, ఫిబ్రవరి నెలాఖరులోపు రోజులు మిగులుతాయి. బడి పోతుందంటారేమో, వీళ్లలో చాలామంది బడి ఎప్పుడో పోయింది.

ఒకే శిబిరంలో అందర్నీ కలపడం కూడా మంచిది కాదు. రక్తం జబ్బుల పిల్లలకు ఒక విడత, క్యాన్సర్ పిల్లలకు ఒక విడత పెడితే వైద్యం ఏర్పాట్లు సులువు. ఇంకో లాభం కూడా ఉంది. తలసీమియా పిల్లాడికి తనలాగే రాత్రీపగలూ మందు లెక్కపెట్టుకునే మరో పదిమంది ఒకే గదిలో దొరుకుతారు. ఆ పిల్లలు ఎప్పుడు బాగుంటారో మా నర్సులకు తెలుసు. రక్తం ఎక్కించుకున్న రెండు మూడు రోజులకు మొహంలో కళ వస్తుంది, మెట్లు గబగబా ఎక్కుతారు. మళ్లీ తేదీ దగ్గరపడే కొద్దీ నీరసపడతారు. అందుకని శిబిరం తేదీని ముందు నిర్ణయించి పిల్లల్ని రమ్మనడం కాదు. వాళ్లు రక్తం ఎక్కించుకునే తేదీలు చూసుకుని, రెండు నెలల ముందునుంచీ కొంచెం కొంచెం సర్ది, అందరూ కళకళలాడే వారంలో శిబిరం పెట్టాలి. క్యాన్సర్ పిల్లల్లో మాత్రల దశకు వచ్చినవాళ్లను, వైద్యం పూర్తయినవాళ్లను తీసుకోవాలి. వారం ముందు కౌంట్లు చూసి, వాళ్ల సొంత డాక్టరు సంతకం పెడితేనే బస్సెక్కించాలి. కౌంట్లు పడిపోయి రాలేకపోయిన పిల్లకు వచ్చే విడతలో చోటు ఖాయం చేసి, ఆ మాట ఆ పిల్లకే చెప్పాలి. తల్లికి చెప్పి ఊరుకుంటే సరిపోదు.

వంట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్యాటరింగ్‌కు అప్పగించి ఊరుకుంటారేమోనని నా టెన్షన్. కౌంట్లు తక్కువున్నవాళ్లకు అప్పటికప్పుడు వండిన వేడి అన్నమే పెట్టాలి. కోసి ఉంచిన పండ్లు, పచ్చి కూరగాయ ముక్కలు, బయట కూల్ డ్రింకులు వద్దు. కిడ్నీ పిల్లలకు ఉప్పు తగ్గించాలి. సికిల్ సెల్ పిల్లలకు గంట గంటకూ నీళ్లు తాగించే మనిషి ఉండాలి. స్టెరాయిడ్ మీదున్న పిల్ల నాలుగోసారి ఇడ్లీ అడిగితే మొహం చిట్లించకుండా వడ్డించే చెయ్యి కావాలి. ఇంట్లో పదిమందికి వండిపెట్టిన ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికితే హోటల్ వంటవాళ్లకంటే వాళ్లే మేలు.

సముద్రం పక్కనే శిబిరం అన్నాను గానీ సముద్రంలోకి దించమనలేదు. మన తీరంలో అల వెనక్కి లాగే తీరు విశాఖలో పెరిగిన వాళ్లందరికీ తెలిసిందే. పైగా మందులెక్కించే గొట్టం (లైన్) ఛాతీలో ఉన్న పిల్లలు నీళ్లలో దిగకూడదు, సికిల్ సెల్ పిల్లలకు చల్లనీళ్లు నొప్పి తెస్తాయి. గోరువెచ్చటి నీళ్ల తొట్టి ఒకటి కట్టి అనుమతి ఉన్నవాళ్లను ఆడించండి. మిగతావాళ్లకు గాలిపటాలు, మేడమీద నుంచి ఓడల లెక్క, రాత్రిపూట దీపాలు వెలిగిన లంగరు ఓడల్ని చూపిస్తూ కథలు. సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడని పిల్లలు ఏజెన్సీ నుంచి వస్తారు. విశాఖకు ఎన్నోసార్లు వచ్చి ఉంటారు, కానీ ఆటో దిగి వార్డుకు, వార్డు నుంచి మళ్లీ బస్సు కాంప్లెక్సుకు, అంతే.

ఆటలకు మనకు కొదవా? ఏటికొప్పాక బొమ్మల కళాకారుల్ని పిలిపించండి. అంకుడు కర్రను తిప్పుతూ, లక్కలో కలిపిన చెట్ల రంగుల్ని అద్దుతుంటే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగులు గింజలు, బెరడు, ఆకుల నుంచి తీసినవి కాబట్టి ఈ పిల్లల చేతికి ఇవ్వడానికి వెనకాడక్కర్లేదు. తిరిగే కర్ర మీద రంగు కర్రను ఆనించి చార గీయడానికి పెద్ద బలం అక్కర్లేదు. కాన్యులాలకు గట్టిపడిన చేతితోనైనా గీయొచ్చు. ఏ పిల్ల చేసిన బొంగరం ఆ పిల్లే ఇంటికి పట్టుకెళ్తుంది. తప్పెటగుళ్లు వాళ్లను రప్పించండి, ఏజెన్సీ గిరిజనుల నాట్యం థింసా వేసే ఆడవాళ్లను రప్పించండి. థింసాలో అందరూ నడుములు పట్టుకుని వరసగా అడుగులేస్తారు కదా, నిలబడలేనివాళ్ల చక్రాల కుర్చీని కూడా ఆ వరసలో కలుపుకోవచ్చు. పాడేరు పిల్లాడు ఆ రోజు మిగతా అందరికీ గురువవుతాడు.

ఇక వాలంటీర్లు. ఆంధ్రా మెడికల్ కాలేజీ, నర్సింగ్ కాలేజీలు, ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న ఊళ్లో చదువుకునే పిల్లలకు లోటు లేదు. ఇద్దరు పిల్లలకు ఒకరు చొప్పున కావాలి. కానీ వచ్చినవాళ్లందర్నీ తీసుకోవద్దు. పోలీస్ వెరిఫికేషన్ జరగాలి, రెండు రోజుల శిక్షణ ఉండాలి, ఏ పెద్దమనిషీ ఒక పిల్లతో ఒంటరిగా తలుపు వేసుకుని ఉండకూడదన్న నియమం రాతపూర్వకంగా ఉండాలి. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు గేటు దాటకూడదు. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసినా దాచకుండా చెప్పాలి. మామూలు పిల్లలకు వారంలో తగ్గిపోయే ఆటలమ్మ ఈ పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే మాట. ఫొటోలు వద్దు. పళ్లు పంచే రోజున బ్యానరు కనపడేలా పిల్లల్ని సర్దడం, మాస్కు తీసి నవ్వమనడం, ఒకే బొమ్మను రెండుసార్లు అందుకోమనడం మా వార్డులో జరిగింది. పన్నెండేళ్ల ఆడపిల్ల ఒకతి, జుట్టు ఊడిన తల, దుప్పటి కప్పేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. బొమ్మ కూడా తీసుకోలేదు. తన ఫొటో పేపర్లో పడితే ఊళ్లో అందరికీ తెలిసిపోతుందని, రేపు పెళ్లి ఎవరు చేసుకుంటారని వాళ్లమ్మ నా దగ్గర గొణిగింది. ఆడపిల్లకు జబ్బు ఉందని తెలియడం మన పల్లెల్లో ఎంత బరువో మీకు తెలియనిది కాదు. వచ్చినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు, ఫొటో పంపకపోతే హెడ్డాఫీసుకు లెక్క తేలదు, అంతే. దయచేసి ఈ ఒక్క విషయంలో లెక్క మరోలా చూపండి. ఎంతమంది వచ్చారు, ఎన్ని మందుల డోసులు తప్పకుండా పడ్డాయి, వచ్చే ఏడు మళ్లీ వస్తామన్నవాళ్లు ఎంతమంది అన్నవి రాయండి. మీ కంపెనీ పేరు గేటు దగ్గర బోర్డు మీద పెట్టుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. పిల్లల మొహాలు మాత్రం వద్దు.

డబ్బు గురించి మీకు నేను చెప్పేంతదాన్ని కాను, కానీ అడిగేముందు చదువుకున్నాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఏడో షెడ్యూలులో ఆరోగ్యం ఉంది. మారథాన్లు, అవార్డులు, ప్రకటనల్లాంటి ఒక్కసారి కార్యక్రమాలు లెక్కలోకి రావని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆ తర్వాత నియమాలు సవరించి, మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు సాగే ప్రాజెక్టులకు వీలు కల్పించింది. కాబట్టి ఈ శిబిరాన్ని ఒక ఏడాది ముచ్చటగా కాక, అలాంటి ప్రాజెక్టుగా తీసుకోండి. రిఫైనరీ, పోర్టు, సింహాద్రి ఎన్టీపీసీ, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం కంపెనీలు... ఒక్కొక్కరు విడిగా చేయాలంటే భారం కావచ్చు, అందరూ కలిస్తే ఎవరికీ బరువు కాదు. ఒకరు విడిది, ఒకరు వాహనాలు, ఒకరు మందులు, బీమా. మందుల కంపెనీలున్న జిల్లాలో ఫ్యాక్టర్ ఇంజెక్షన్లకూ, ఇనుము దించే మాత్రలకూ వెతుక్కోవాల్సిన పని రాదనుకుంటాను.

జిల్లా కలెక్టర్ గారికి కూడా ఈ ఉత్తరం ప్రతి పంపుతున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. వాళ్లకు వినోదంలో అందరితో సమానంగా పాలుపంచుకునే అవకాశం కల్పించాలని అదే చట్టం 29వ సెక్షన్ ప్రభుత్వానికీ, స్థానిక సంస్థలకూ చెబుతోంది. బాలల హక్కుల ఒడంబడికకు మన దేశం 1992లోనే ఒప్పుకుంది, అందులో 31వ అధికరణం ఆటల గురించే. కలెక్టర్ గారు చేయాల్సింది నిధులు ఇవ్వడం కాదు. టూరిజం వాళ్ల విడిది, ఒక 108 వాహనం, ఆసుపత్రి నుంచి ఇద్దరు నర్సులకు అయిదు రోజుల డ్యూటీ ఆర్డరు. ఆయన ఒక్క సంతకం పెడితే ఈ మూడూ వస్తాయి.

"ప్రాణాలమీద పోరాడుతుంటే ఆటలేమిటి, ఆ డబ్బుతో మందులు కొనొచ్చు కదా" అని మీ బోర్డులో ఎవరో ఒకరు అంటారు. అనాలి కూడా, న్యాయమైన ప్రశ్నే. మందులు ఆపి ఆటలు పెట్టమని ఏ నర్సూ అనదు. అయితే పిల్లల క్యాన్సర్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క చూడండి. ధనిక దేశాల్లో నూటికి ఎనభైమందికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యతరగతి దేశాల్లో ముప్ఫైమంది కూడా నిలబడటం లేదు. జబ్బు ఆలస్యంగా బయటపడటం, మందులు అందకపోవడంతోపాటు వైద్యం మధ్యలో మానేయడం కూడా దీనికి పెద్ద కారణమని ఆ సంస్థే అంటోంది. మానేయడం ఎలా జరుగుతుందో నేను చూశాను. కూలి పోతుంది, ఇంట్లో ఉన్న మేకలు అమ్ముడైపోతాయి, పిల్లాడు ఆసుపత్రి పేరెత్తితే గుంజ పట్టుకుని రానంటాడు, ఊళ్లో ఎవరో పసరు మందు చెబుతారు. ఆ తర్వాత ఫోను చేస్తే స్విచాఫ్. శిబిరం ఇవన్నీ తీర్చదు. కానీ వైద్యం పూర్తిచేసుకుని డిగ్రీ చదువుతున్న అక్క ఒకతి వాలంటీరుగా వచ్చి, "నాకూ ఇదే జబ్బు, ఇదే మందు" అంటే ఆ మాట పిల్లాడికీ, వాడిని దింపడానికొచ్చిన తండ్రికీ నేను వందసార్లు చెప్పిన దానికంటే బాగా ఎక్కుతుంది. తండ్రులు తండ్రులతో మాట్లాడుకుంటారు. ఒకరి ఫోను నంబరు ఒకరు తీసుకుంటారు. మాత్ర మానేయాలనిపించిన రోజున ఫోను చేయడానికి ఒక మనిషి ఉంటాడు.

ఇంట్లో మిగిలిన పిల్లల్ని కూడా మరిచిపోవద్దు. తమ్ముడికి జబ్బు చేస్తే అమ్మ వాడితో విశాఖలో ఉండిపోతుంది, అక్క ఊళ్లో నానమ్మ దగ్గర పెరుగుతుంది. పండగకు కొత్త బట్టలు తమ్ముడికే, ఎవరొచ్చినా అడిగేది తమ్ముడినే. ఆ పిల్ల ఎవరిమీదా కోపం చూపించలేకపోతుంది, ఎందుకంటే తమ్ముడు జబ్బుమనిషి. బయట దేశాల శిబిరాల్లో తోబుట్టువులకు ప్రత్యేకంగా ఒక విడత ఉంటుంది. మనమూ రెండో ఏడాదికల్లా అది పెట్టాలి.

తల్లుల గురించి ఒక్క మాట. మంచం పక్కన నేలమీద చాప వేసుకుని నెలల తరబడి పడుకున్న మనిషి, పిల్లాడు శిబిరంలో ఉన్న నాలుగు రాత్రులు తన ఇంట్లో తను నిద్రపోతుంది. మొదటి రాత్రి పట్టదు, ఫోన్లు చేస్తూనే ఉంటుంది. రోజుకు రెండుసార్లు నర్సే తల్లికి ఫోను చేసి జ్వరం ఎంత, ఏం తిన్నాడు, మాత్ర వేశామా అని చెప్పే ఏర్పాటు ముందే రాసుకోండి.

నయంకాని పిల్లల సంగతి కూడా చెప్పాలి. ఈ ఏడు వచ్చినవాళ్లలో కొందరు వచ్చే ఏడు రాకపోవచ్చు. దాన్ని చూసి భయపడి వెనక్కి తగ్గకండి. వాలంటీర్లకు ముందే చెప్పండి, ఆ వార్త వచ్చిన రోజున వాళ్లతో కూర్చుని మాట్లాడే కౌన్సెలర్‌ను పెట్టండి. బతికే అవకాశం తక్కువున్న పిల్లల్ని ఎంపికలో పక్కన పెట్టొద్దు. ప్రయాణం చేయగలిగి, డాక్టరు ఒప్పుకుంటే వాళ్ల పేర్లే ముందు రాయాలి.

మొదటి ఏడు ఇరవైమంది పిల్లలతో చాలు, తలసీమియా, సికిల్ సెల్ వాళ్లతో మొదలుపెడదాం. వాళ్లకు కౌంట్ల బెడద తక్కువ, ఏర్పాట్లు నేర్చుకోవడానికి మనకు వీలుంటుంది. ఈ నెలలోనే ఒక సమావేశం పిలవండి. మీలో నలుగురు, పిల్లల డాక్టర్లు ఇద్దరు, నలుగురైదుగురు తల్లిదండ్రులు, బ్లడ్ బ్యాంకు నుంచి ఒకరు ఉండాలి. తల్లిదండ్రుల్ని తప్పక పిలవండి, వాళ్ల రానుపోను చార్జీలు, ఆ రోజు కూలీ ఇచ్చి మరీ పిలవండి. నాతో పనిచేసి రిటైరైన నర్సులు మరికొందరు ఉచితంగా పనిచేయడానికి ఒప్పుకున్నారు. ఒక్కో పిల్లకు మందుల చార్టు, భోజనం చార్టు, అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయాలో చెప్పే కార్డు, ఈ మూడూ మేం తయారు చేస్తాం. నమూనాలు ఇప్పటికే రాసి ఉంచాం. విడిది ఎక్కడో, తేదీ ఎప్పుడో మీరు చెప్పగానే పిల్లల పేర్లతో నింపడం మొదలుపెడతాం.

ఇట్లు,
పిల్లల వార్డుల్లో పనిచేసిన ఒక విశ్రాంత నర్సు,
పెద వాల్తేరు, విశాఖపట్నం.